ఆధారపడటం వేరు, సంఘీభావం వేరు



90ల్లో డిగ్రీ సోషియాలజీలో మేమంతా బట్టీపట్టిన ప్రశ్న ఒకటుంది: సామాజిక సంఘీభావం రకాలను వివరించండి. ఫ్రెంచ్ సామాజికవేత్త ఎమిల్ డర్క్‌హైమ్ 1893లో శ్రమ విభజన మీద రాసిన పుస్తకం దీనికి మూలం. ఒకేలా బతికే, ఒకేలా నమ్మే మనుషుల మధ్య పోలిక వల్ల పుట్టేది యాంత్రిక సంఘీభావం. తలో పని చేస్తూ శరీరంలో అవయవాల్లా ఒకరిమీద ఒకరు ఆధారపడితే పుట్టేది సావయవ సంఘీభావం.

రెండోదానికి మా లెక్చరర్ మన పల్లెటూరినే ఉదాహరణగా చెప్పారు. కుమ్మరి, చాకలి, మంగలి, మాదిగ, ఎవరి పని వాళ్లది, అందరూ కలిస్తేనే ఊరు అన్నారు. రాసుకున్నాను. ఆ అవయవాల్లో కొన్ని ఊరి బయట ఎందుకున్నాయని మాత్రం అడగలేకపోయాను.

జవాబు కారంచేడులో ఉంది. అక్కడ కమ్మ రైతుల పొలాల్లో కూలి చేసేది మాదిగలు. ఒకరు లేనిదే ఒకరికి గడవదు. అయినా తాము తాగే చెరువు నీళ్లు మురికి చేయొద్దన్నందుకు, ఒక స్త్రీ బిందె ఎత్తి ఎదురు తిరిగినందుకు, 1985 జులై 17న మాదిగపల్లె మీద పడి ఆరుగుర్ని చంపారు. స్త్రీల మీద అత్యాచారాలు చేశారు. దాడి చేసినవాళ్ల మధ్య సంఘీభావం లేదా? దండిగా ఉంది. కులమంతా ఒక్కటైంది. సాంఘిక బహిష్కరణ కూడా ఐక్యంగానే జరుగుతుంది కదా!

డర్క్‌హైమ్‌కు అన్యాయం చేయకూడదు. అదే పుస్తకం చివరి భాగంలో ఆయన బలవంతపు శ్రమ విభజన గురించి రాశాడు. పనిని మనిషి మీద రుద్దితే అక్కడ నిజమైన సంఘీభావం పుట్టదన్నాడు. ఆ భాగం మాకెవరూ చెప్పలేదు. 1936లో 'కుల నిర్మూలన'లో బాబాసాహెబ్ ఇంకా ముందుకెళ్లారు. కులం శ్రమనే కాదు, శ్రామికులనే విభజించి మెట్లు మెట్లుగా నిలబెడుతుందన్నారు.

కారంచేడు బాధితులు చీరాల చేరి చర్చి ఆవరణలో శిబిరం వేసుకున్నారు. చనిపోయింది మాదిగలు. వాళ్ల కోసం మాలలూ కదిలారు. కత్తి పద్మారావు, బొజ్జా తారకం ముందు నిలిచారు. తారకం హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది పదవినే వదిలేశారు. సెప్టెంబర్ 1న దళిత మహాసభ పుట్టింది. ఇది పోలిక వల్ల వచ్చింది కాదు, అవసరం వల్ల వచ్చిందీ కాదు. మనుషులు తేల్చుకుని నిలబడితే వచ్చింది.

1994లో అదే ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా మొదలైంది. ఎస్సీ రిజర్వేషన్లలో తమ వాటా తమకు కావాలన్నారు. నేను మాలపల్లెలో పుట్టినవాణ్ణి. ఐక్యత చెడగొడుతున్నారని మొదట్లో నేనూ అన్నాను. అది ఊరి పెద్దల మాటేనని అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది. "అందరం ఒకటే కదా, లెక్కలెందుకు?" అని మనతో అన్నది వాళ్లే. ఎస్సీలను వర్గీకరించే అధికారం రాష్ట్రాలకు ఉందని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు చెప్పింది. కోర్టు వాటాల గురించి చెప్పగలదు. చీరాల శిబిరంలో పుట్టినదాన్ని మళ్లీ నిలబెట్టుకోవాల్సింది మనమే.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పరీక్షలో రెండు రకాలే రాయండి, మార్కులు పడతాయి. హాస్టల్‌కు, సంఘం ఆఫీసుకు వెళ్లాక మాత్రం ఒక ప్రశ్న వేసుకోండి: మన ఐక్యతలో ఎవరి వాటా ఎంత? ఆ ప్రశ్నకు జడిసే ఐక్యత మనకొద్దు.

వచ్చే భాగంలో చుండూరు.