కొవ్వు ఎక్కడ చేరింది?

హైదరాబాద్ హైటెక్ సిటీలో ఏటా జరిగే హెల్త్ చెకప్ రిపోర్టుల్లో ‘గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్’ అన్న ముక్క ఎంత మామూలైందంటే, ‘అందరికీ ఉన్నదేగా’ అని కాగితం పక్కన పెట్టేస్తున్నారు. అందరికీ ఎందుకొచ్చిందన్నదే అసలు ప్రశ్న. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఏఐజీ హాస్పిటల్స్ పరిశోధకులు 2025లో ‘సైంటిఫిక్ రిపోర్ట్స్’ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. వాళ్లు పరీక్షించిన 345 మంది ఐటీ ఉద్యోగుల్లో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు పేరుకుంది. 34 శాతం మందికి మెటబాలిక్ సిండ్రోమ్ ఉంది. 345 మందిని చూసి లక్షల మందికి లెక్క కట్టలేం. కానీ కొట్టిపారేయడానికీ లేదు.

నేరమంతా వాళ్లు రోజంతా కూర్చునే కుర్చీమీద నెట్టేస్తే సగం కథే చెప్పినట్టు. ఒంట్లో కొవ్వు ఎంత ఉందన్నదానికన్నా ఎక్కడుందన్నది ముఖ్యమని 1947లోనే ఫ్రాన్స్‌లోని మార్సెయ్ వైద్యుడు జాఁ వాగ్ రాశాడు. తొడలు, పిరుదుల దగ్గర చేరే కొవ్వుతో పోలిస్తే పైభాగాన చేరేదే మధుమేహానికి, గుండెజబ్బుకు దారితీస్తోందని ఆయన గమనించాడు. అప్పట్లో పెద్దగా పట్టించుకున్నవాళ్లు లేరు. 1980లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో యుర్గెన్ లుడ్విగ్ బృందం, మద్యం అతిగా తాగని 20 మంది కాలేయాల్లో తాగుబోతుల కాలేయంలో కనిపించే మార్పులే చూసి, ఆ జబ్బుకు ‘నాష్’ (మద్యం వల్ల కాని కొవ్వు కాలేయపు వాపు) అని పేరు పెట్టింది. 1988లో అమెరికా వైద్యుడు జెరాల్డ్ రీవెన్ ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం, అధిక రక్తపోటు, రక్తంలో ఎక్కువైన ట్రైగ్లిజరైడ్లు అన్నిటినీ ఒకే తాటిమీదికి తెచ్చాడు. ఇవన్నీ కలిసి ఉండటమే నేటి మెటబాలిక్ సిండ్రోమ్.

లోపల జరిగేదిది. చర్మం కింది కొవ్వు కణాలు ఇంటి గాదె లాంటివి. మిగిలిన తిండి అక్కడ దాచుకున్నంతవరకు పెద్ద ప్రమాదం లేదు. గాదె చిన్నదై, వచ్చేది ఆగకపోతే కొవ్వు కాలేయంలోకి, కండరాల్లోకి, క్లోమంలోకి పొర్లుతుంది. కొవ్వు పట్టిన కాలేయం ఇన్సులిన్ మాట వినదు, అక్కర్లేనప్పుడూ రక్తంలోకి గ్లూకోజు వదులుతూనే ఉంటుంది. చర్మం కింద కొవ్వే లేకుండా పుట్టే అరుదైన లిపోడిస్ట్రఫీ రోగులు చూడటానికి బక్కగా ఉంటారు, అయినా వాళ్లకు తీవ్రమైన షుగరు, ఫ్యాటీ లివర్ వస్తాయి. ఇంతకన్నా రుజువేం కావాలి?

మన ఒంట్లో కండ తక్కువ, కొవ్వు ఎక్కువని చూపించిన పని పుణేలో జరిగింది. అక్కడి గ్రామాల్లో పుట్టిన బిడ్డల బరువు సగటున 2.7 కిలోలు, ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో 3.5 కిలోలు. బరువులో అంత తేడా ఉన్నా మన బిడ్డల్లో తగ్గింది ఎక్కువగా కండే, కొవ్వు పెద్దగా తగ్గలేదు. 2004లో పుణే డాక్టర్ చిత్తరంజన్ యాజ్నిక్, బ్రిటిష్ వైద్యుడు జాన్ యుడ్కిన్ తమ ఇద్దరి ఫొటోనే వైద్య పత్రిక లాన్సెట్‌లో వేసుకున్నారు. ఇద్దరి బీఎంఐ (ఎత్తుతో పోల్చి చూసే బరువు సూచిక) 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతమైతే, యాజ్నిక్‌కి 21.2 శాతం!

హైదరాబాద్‌కు ఈ కథలో ఇంకా లోతైన పాత్ర ఉంది. 1918లో కూనూరులో బ్రిటిష్ వైద్యుడు మెకారిసన్ మొదలుపెట్టిన ప్రయోగశాల 1958లో హైదరాబాద్‌లోని తార్నాకకు వచ్చింది. అదే నేటి జాతీయ పోషకాహార సంస్థ. అప్పట్లో దాని పోరాటం ఆకలితోనే. 1987-90 మధ్య నగరానికి దగ్గరి పల్లెల్లో కొన్నిచోట్ల గర్భిణులకు, పసిపిల్లలకు రోజూ మొక్కజొన్న, సోయా పిండితో చేసిన ఉప్మా పెట్టారు. ఆ పిల్లలు 13-18 ఏళ్ల వాళ్లయ్యాక పరీక్షించి, ఫలితాలు 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు. ఉప్మా అందని ఊళ్ల పిల్లలకన్నా వీళ్లు 14 మిల్లీమీటర్లు పొడవు పెరిగారు, ఇన్సులిన్ నిరోధకత సుమారు 20 శాతం తక్కువ. తల్లి కడుపులో ఉండగా దొరికిన ముద్ద పదిహేనేళ్ల తర్వాత రక్తంలో కనిపించిందన్నమాట. నన్నడిగితే, హైటెక్ సిటీ రిపోర్టులను తార్నాక కాగితాలతో కలిపి చదవాలి.

1998లో హైటెక్ సిటీలో ఐటీ కంపెనీల కోసం కట్టిన సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక, అర్ధాకలి తిన్న తరాల మనవలు ఒక్కసారిగా తిండికి లోటులేని చోట, కదలిక లేని పనిలో పడ్డారు. భోజనం తర్వాత గ్లూకోజును ఎక్కువగా లాక్కునేది కండరం. అసలే తక్కువున్న ఆ కండకి పది గంటలు పని లేదు. ఇంటి గుమ్మంలో క్యాబ్ ఎక్కి ఆఫీసు గుమ్మంలో దిగడం, అమెరికా వేళలకు షిఫ్టు, శరీరం నిద్రకు సిద్ధమయ్యే అర్ధరాత్రి బిర్యానీ. దీన్ని ఉద్యోగి బద్ధకం అనడం అన్యాయం. షిఫ్టు వేళలు నిర్ణయించేది అతను కాదు.

బరువు యంత్రాన్ని మాత్రం నమ్ముకోకూడదు. 2009లో మన వైద్యులు భారతీయులకు వేరే హద్దులు పెట్టారు: బీఎంఐ 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం, నడుము మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యన, పొట్ట లోపలికి లాక్కోకుండా, ఊపిరి వదిలి టేపు చుట్టాలి. ప్యాంటు సైజు దీనికి పనికిరాదు, బెల్టు బొజ్జ కిందికి జారుతుంది కాబట్టి.

చేరిన కొవ్వు కరుగుతుంది కూడా. 2011లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో వైద్యుడు రాయ్ టేలర్ బృందం షుగరు రోగులకు 8 వారాలు అతి తక్కువ కేలరీల తిండి పెడితే, కాలేయంలో కొవ్వు 12.8 శాతం నుంచి 2.9కి దిగింది. పరగడుపు షుగరైతే మొదటి వారంలోనే మామూలు స్థాయికి వచ్చింది. అంత కఠిన పథ్యం వైద్యుల పర్యవేక్షణ లేకుండా చేయరాదు. మామూలుగా బరువులో 7 నుంచి 10 శాతం తగ్గినా కాలేయపు వాపు తగ్గుతుంది. 80 కిలోల మనిషికి అది సుమారు 6 నుంచి 8 కిలోలు.