గుడారములలో దొరికిన పొరుగువారు

వార్షిక సభలకు వెళ్లినప్పుడు పందిటిలో మీ ప్రక్క చాపమీద పండుకొన్నవారి పేరు అడిగి తెలిసికొందురా? ప్రసంగము మరచినను అట్లు కలిసినవారిని మరువనివారు మన సంఘములలో అనేకులున్నారు. ఇట్టి విడిది కూటముల చరిత్రలో ఒక భాగము మీకు చెప్పవలెనని నా కోరిక.

1800 నాటికి అమెరికాలోని కెంటకీ సీమలో జనము పలుచన. అడవి నరికి పొలము చేసికొన్న కుటుంబమునకు పొరుగిల్లు చాల దూరము. స్కాట్లండునుండి వచ్చిన వాడుక చొప్పున ప్రెస్బిటేరియనులు ప్రభువు బల్ల సంస్కారమునకు కొన్ని దినములు కూడుకొనెడివారు. దూరమునుండి వచ్చినవారిని దగ్గరి యిండ్లవారు చేర్చుకొని భోజనము పెట్టెడివారు. ఆ యేడు జూలైలో గాస్పర్ నదియొద్ద జేమ్స్ మక్‌గ్రెడీ అను కాపరి జరిపిన కూటమునకు వచ్చినవారికి ఆ యిండ్లు చాలవు. అయితే వారు తిండియు పక్కబట్టలును బండ్లలో వేసికొనియే వచ్చిరి. పొదలు నరికి, దుంగలు పరచి కూర్చుండిరి. రాత్రులు అక్కడనే పండుకొనిరి.

మరుసటి యేడు, 1801 ఆగస్టులో, కేన్ రిడ్జ్ అను చోట బార్టన్ స్టోన్ కాపరిగానున్న దుంగల గుడియొద్ద కూడినవారు 10,000 మంది అని కొందరు, 20,000కు పైననే అని కొందరు అంచనా వేసిరి. తక్కువ లెక్కనే తీసికొనుడి: ఆ ప్రాంతపు పేరుగల పట్టణమగు లెక్సింగ్టనులోనే అప్పుడు 2,000 మంది లేరు! ప్రెస్బిటేరియనులు, మెథడిస్టులు, బాప్టిస్టులు కలిసి పనిచేసిరి. అక్కడి కేకలను గూర్చియు, మూర్ఛలను గూర్చియు వ్రాసినవారు చాలమంది. సారా అమ్మువారును వచ్చిరట. నాకు ముచ్చటగా తోచునది వేరొకటి. ఆరేడు దినములైన తరువాత ఆ చుట్టుప్రక్కల అంతమందికి ఆహారము చాలనందుననే కూటము ముగిసెనని స్టోన్ తానే వ్రాసెను. లేనియెడల వారు ఇంకను ఉండెడివారే. ఏడాది పొడుగున తన యింటివారి ముఖములు తప్ప చూడని స్త్రీకి ఆ వారము ఎంతటిదో మీరే తలంచుడి.

తరువాత ఈ పద్ధతిని మెథడిస్టులు బహుగా వ్యాపింపజేసిరి. గుడారములు వరుసలు తీరెను. కొమ్ము ఊదగానే మేల్కొనుట, ప్రార్థించుట, భుజించుట. గుడారము లేక వచ్చినవానిని ఎవరో ఒకరు తమ భోజనమునకు పిలిచెడివారు. పెండ్లి సంబంధములును అక్కడ కుదిరెడివి. పెద్దలు దీనిని ఆక్షేపించిరి గాని, పిల్లలు మరెక్కడ కలిసికొందురు?

అయితే ఒక సంగతి దాచరాదు. దక్షిణ రాష్ట్రములలో బానిసలుగా నున్న నల్లవారి విడిది ప్రసంగ వేదిక వెనుక నుండెను. కొన్నిచోట్ల నడుమ పలకల దడియు కట్టిరి. కడపటి దినమున అందరును పాడుచు విడిది చుట్టు నడిచి, చేతులు కలిపి సెలవు పుచ్చుకొనెడివారు. ఆ సమయమున కొన్నిచోట్ల దడి ఊడదీసి, ఉభయులును ఒకే ఊరేగింపులో నడిచిరి. ఒక పూట నడిచిరి. తరువాత బండ్లు కట్టుకొని, దాసుడు యజమానునితోకూడ పొలమునకే వెళ్లెను. ఆ దేశములో బానిసత్వము రద్దగుటకు 1865 వరకు పట్టెను.