సూపర్నోవాలు - కృష్ణ శక్తి

సూపర్నోవా అనగా ఒక నక్షత్రం మహా విస్ఫోటనం చెంది, కొన్ని వారాల పాటు అసాధారణమైన కాంతితో వెలిగే ఘటన. వీటిలో టైప్ వన్-ఎ అనే రకం సుదూర గెలాక్సీల దూరాలను కొలవడానికి ఖగోళ శాస్త్రజ్ఞులకు ఒక ముఖ్య సాధనం. ఈ కొలతల ద్వారానే విశ్వ విస్తరణ వేగం నానాటికీ పెరుగుతున్నదని 1998లో వెల్లడైంది. ఈ పెరుగుదలకు కారణంగా భావించే అజ్ఞాత శక్తిని కృష్ణ శక్తి లేక డార్క్ ఎనర్జీ అంటారు. విశ్వంలోని మొత్తం శక్తిలో ఇది సుమారు 68 శాతం ఉంటుందని అంచనా.

దూరాన్ని కొలిచే విధానం

హైదరాబాదు పాతబస్తీలోని హుస్సేనీ ఆలం వీధిలో ఒకే శక్తి గల రెండు దీపాలు ఉన్నాయనుకుందాం. ఒకటి వంద గజాల దూరంలో, మరొకటి రెండు వందల గజాల దూరంలో ఉంటే, రెండవదాని కాంతి మొదటిదానిలో నాలుగవ వంతు మాత్రమే కనిపిస్తుంది. కనుక దీపం అసలు శక్తి తెలిస్తే, కనబడే కాంతిని బట్టి దాని దూరాన్ని లెక్కించవచ్చు.

టైప్ వన్-ఎ సూపర్నోవాలు ఇటువంటి దీపాలు. జంట నక్షత్ర వ్యవస్థలోని శ్వేత కుబ్జ తార పేలిపోవడం వల్ల ఇవి ఏర్పడతాయి. ఇవన్నీ కచ్చితంగా ఒకే కాంతితో వెలగవు. అయితే ఎక్కువ కాంతి గలవి నెమ్మదిగా మసకబారుతాయని మార్క్ ఫిలిప్స్ 1993లో చూపించాడు. ఈ సంబంధం ఆధారంగా వాటి కాంతిని సవరించి, దూరాన్ని నిర్ణయిస్తారు. గెలాక్సీ కాంతి వర్ణపటంలో ఎరుపు వైపు ఎంత జరిగిందో కొలిస్తే, ఆ కాంతి బయలుదేరిన నాటి నుండి విశ్వం ఎంత విస్తరించిందో తెలుస్తుంది. ఈ రెండు కొలతలను పోల్చితే విస్తరణ చరిత్ర బయటపడుతుంది.

1998 నాటి ఫలితాలు

గురుత్వాకర్షణ వల్ల విస్తరణ వేగం క్రమంగా తగ్గుతూ ఉండాలని అంతకు ముందు భావించేవారు. కాని సుదూర సూపర్నోవాలు అనుకున్నదానికంటే మసకగా, అంటే మరింత దూరంగా కనిపించాయి. సాల్ పెర్ల్‌మటర్ నాయకత్వంలోని బృందం, బ్రయాన్ ష్మిట్, ఆడమ్ రీస్ సభ్యులుగా గల మరొక బృందం విడివిడిగా ఒకే నిర్ణయానికి వచ్చాయి. ఈ ముగ్గురికి 2011లో భౌతిక శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

కృష్ణ శక్తి స్వభావం

కృష్ణ శక్తి కాలంతో మారని స్థిరాంకమా, లేక నెమ్మదిగా మారుతున్నదా అనేది ప్రధాన ప్రశ్న. స్థిరాంకమనే భావనకు మూలం ఐన్‌స్టీన్ 1917లో ప్రతిపాదించిన విశ్వ స్థిరాంకం. కృష్ణ శక్తి పీడనానికి, శక్తి సాంద్రతకు గల నిష్పత్తిని డబ్ల్యు అనే అక్షరంతో సూచిస్తారు. అది స్థిరాంకమైతే ఈ విలువ ఎల్లప్పుడూ -1 ఉండాలి. ఈ శక్తి కాలక్రమంలో తగ్గుతున్నట్లయితే విశ్వ భవిష్యత్తు గురించిన అంచనాలు కూడా మారవలసి ఉంటుంది.

చిలీ దేశంలోని 4 మీటర్ల టెలిస్కోపుతో 2013 నుండి 2019 వరకు జరిగిన డార్క్ ఎనర్జీ సర్వే 1,635 సూపర్నోవాలను విశ్లేషించి 2024లో ఫలితాలు ప్రకటించింది. కేవలం సూపర్నోవాల నుండి లభించిన డబ్ల్యు విలువ సుమారు -0.80. అయితే పొరపాటు అవధిని బట్టి చూస్తే -1ని తోసిపుచ్చలేము. గెలాక్సీల పంపిణీని కొలిచే డెసి ప్రాజెక్టు 2025 ఫలితాలను సూపర్నోవాలతో కలిపినప్పుడు మార్పుకు సూచనలు కనిపించాయి. వాటి బలం ఏ సూపర్నోవా పట్టికను వాడారన్న దానిపై ఆధారపడింది. అందుచేత కాంతి కొలతల్లోని చిన్న తేడాలను కూడా పరిశోధకులు తిరిగి పరీక్షిస్తున్నారు.

హైదరాబాదుతో సంబంధం

సూపర్నోవా కాంతిని అదే చిత్రంలో ఉన్న తెలిసిన నక్షత్రాలతో పోల్చి కొలుస్తారు. కనుక నక్షత్రాల పట్టికలు ఈ పనికి అవసరం. హైదరాబాదులో ఇటువంటి పనికి పాత చరిత్ర ఉంది. 1901లో నవాబ్ జాఫర్ జంగ్ ఫిసల్‌బండాలో స్థాపించిన నిజామియా వేధశాల తరువాత బేగంపేటకు మారింది. ఆకాశం మొత్తాన్ని ఫోటోలు తీసి పట్టికలు వేసే అంతర్జాతీయ పథకంలో ఈ వేధశాల పాల్గొని, లక్షల నక్షత్రాల స్థానాలను నమోదు చేసింది. 1919లో ఇది ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందకు వచ్చింది.

ఈ వేధశాల ఉద్యోగి కుమారుడైన వేణు బప్పు హైదరాబాదులో చదువుకుని, అనంతర కాలంలో బెంగుళూరులోని భారతీయ ఖగోళ భౌతిక సంస్థకు నాయకత్వం వహించాడు. ఆ సంస్థకు లడఖ్‌లోని హాన్లే వద్ద 2 మీటర్ల టెలిస్కోపు ఉంది. జి.సి. అనుపమ, సహ పరిశోధకులు దానితో 2003డియు వంటి సమీప టైప్ వన్-ఎ సూపర్నోవాలను పరిశీలించారు. సుదూర సూపర్నోవాలను పోల్చి చూడడానికి సమీపంలోనివే ఆధారం. డార్క్ ఎనర్జీ సర్వే పరిశోధనా పత్రాలలో కందిలోని ఐఐటీ హైదరాబాద్ కూడా భాగస్వామిగా కనిపిస్తుంది.

2025లో తొలి చిత్రాలను విడుదల చేసిన చిలీలోని వేరా రూబిన్ వేధశాల ఇంతకు మునుపు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ సూపర్నోవాలను కనుగొనగలదని శాస్త్రజ్ఞులు ఆశిస్తున్నారు. కృష్ణ శక్తి స్థిరమా కాదా అన్న ప్రశ్నకు సమాధానం వీటి సంఖ్యతో పాటు, వాటి కాంతిని ఎంత కచ్చితంగా కొలవగలమన్న దానిపై ఆధారపడి ఉంటుంది.