కరిగే రేకు, కరగని రేకు

బయట అనంతపురం ఎండ 42 డిగ్రీలు. లోపల ఆకుపచ్చ గౌనులో, టేబుల్‌కు అడుగు దూరంలో మీరు. పడుకున్నది కళ్యాణదుర్గం వైపు పల్లె అమ్మాయి, ఇరవై రెండేళ్లు. కింది దవడ ముందుకు పొడుచుకొచ్చి ముందు పళ్లు కలవవు. జొన్నరొట్టె తుంచాలన్నా పక్క పళ్లతోనే. మత్తు గొట్టం ముక్కులోంచి వేసి, నోరు సర్జన్‌కు వదిలారు.

జ్ఞానదంతం వెనక రంపం సన్నగా మోగుతోంది. ఎముక వేడికి మాడకుండా నర్సు సెలైన్ చిమ్ముతూనే ఉంది. తర్వాత ఉలి, సుత్తి. టక్. టక్. ఎముక నిలువునా రెండు పొరలుగా విడిపోయింది. మధ్యలో తెల్లటి దారంలా నరం. కింది పెదవికి స్పర్శ దాని చలవే. సర్జన్ చెయ్యి అక్కడ నెమ్మదించింది.

రెండో వైపూ అలాగే కోశాక పళ్లున్న భాగాన్ని వెనక్కి జరిపి, పై పళ్లూ కింది పళ్లూ ప్లాస్టిక్ అచ్చులో కుదిర్చి తీగతో బిగించారు. ఇక ఎముకకు ప్లేటు వెయ్యాలి.

టైటానియం ప్లేటు మిల్లీమీటరు మందం. ప్లయర్‌తో వంచితే వంగి, వంగినట్టే ఉంటుంది. రెండో రకం పాలీలాక్టిక్ ఆమ్లంతో చేసింది. ఒంట్లోని నీటికే మెల్లగా విరిగి కరిగిపోతుంది. వినగానే మనసు దానివైపే లాగుతుంది. కానీ వేడిచేస్తే గానీ వంగదు, స్క్రూకు ముందే మర చెక్కాలి, బిగించేటప్పుడు తల విరుగుతుందేమోనని భయం. నెదర్లాండ్స్‌లో 230 మందితో చేసి 2012లో ప్రచురించిన పోలికలో, కరిగే ప్లేట్లు వెయ్యాల్సిన 117 మందిలో 25 మందికి సర్జన్లు ఆపరేషన్ మధ్యలోనే టైటానియానికి మారారు. అంతకుముందు, పాత రకం కరిగే ప్లేట్లు వేయించుకున్న కొందరికి మూడేళ్లు దాటాక అక్కడ వాపొచ్చింది. కరుగుతుందంటే ఏమీ మిగలదని నేను నమ్మను.

ఎదిగే పిల్లల పుర్రె ఎముకలకు కరిగేదే మేలు. ఈ అమ్మాయికి లోహమే సరి. అతుక్కునే తొలి ఆరు వారాలు కండరాల లాగుడంతా ప్లేటే మొయ్యాలి. అది వదులైతే మళ్లీ బస్సు, మళ్లీ మత్తు, ఇంట్లో ఇద్దరి కూలి పోవడం.

రెండు వైపులా నాలుగో స్క్రూ బిగిసింది. తీగ విప్పి దవడ ఆడించి చూశారు. పళ్లు వాటంతటవే కలిశాయి.

సర్జన్‌ను చూసి వరండాలో వాళ్లమ్మ లేచి నిలబడింది.

"ఆ రేకు లోపలే ఉండిపోతాదా సారూ?"

"ఉంటాదమ్మా. చీము పట్టినా, తగిలి నొప్పి పెట్టినా తీసేస్తాం. లేకుంటే దాని జోలికి పోం."

"సంగటి పెట్టచ్చా?"

"ఇప్పుడే వద్దు. జావ, మజ్జిగ, పల్చగా మెదిపిన పప్పన్నం. ఆరు వారాలు గడిచినాక నేను చూసి చెప్తా. బుడ్డలు కొరకడం ఇంకా ఆ తర్వాతే."