వినోద పియర్: అలల మీద కాలక్షేపానికి రెండు వందల ఏళ్లు

తీరం నుంచి సముద్రంలోకి స్తంభాల మీద సాగే పొడవాటి వేదికే పియర్. పడవలు ఆగడానికీ సరుకు దించడానికీ కట్టిన జెట్టీలు మన రేవుల్లోనూ కనిపిస్తాయి. అలాంటి కట్టడం మీద రంగులరాట్నం, జెయింట్ వీల్, నాటకశాల, చిరుతిళ్ల దుకాణాలు వెలిసి, జనం ఓడెక్కే పని లేకుండా ఊరికే తిరగడానికి వస్తే అది వినోద పియర్ అవుతుంది. తిరునాళ్ల వీధిని తీసుకెళ్లి నీటి మీద పరిచినట్టుండే ఈ ఏర్పాటు ఇంగ్లండ్‌లో పుట్టి, అమెరికాలో ఇంకాస్త ఆర్భాటం నేర్చుకుంది. తుపాన్లు, మంటలు, దారి తప్పిన ఓడలు, ప్రపంచ యుద్ధం అన్నీ దీన్ని దెబ్బతీశాయి. అయినా ఏ పియర్ నిలిచింది, ఏది కూలింది అని ఆరా తీస్తే చాలాచోట్ల అలల బలం కన్నా వసూళ్ల లెక్కే దాని రాత రాసినట్టు తెలుస్తుంది.

మొదటిది వినోదం కోసం కట్టింది కాదు. ఇంగ్లండ్ దక్షిణ తీరానికి ఎదురుగా ఉన్న ఐల్ ఆఫ్ వైట్ దీవిలో రైడ్ అనే ఊరుంది. అక్కడ నీరు వెనక్కి తీసిందంటే అర మైలు మేర బురదా ఇసుకా బయటపడేవి. పడవ దిగిన ప్రయాణికుల్ని కూలీలు వీపున మోసుకుని తెచ్చేవారు, లేకపోతే గుర్రబ్బండి మీద చేర్చేవారు. డబ్బున్న అతిథులకు ఇది బొత్తిగా నచ్చలేదు. 1814 జులైలో అక్కడ చెక్క పియర్ తెరిచారు. ఇప్పటికీ వాడుకలో ఉన్న సముద్రతీర పియర్లలో అదే అతి పాతది. 1880 నుంచి దాని కొస దాకా రైలు కూడా నడుస్తోంది. లండన్ భూగర్భ రైల్వే వాడి వదిలేసిన పెట్టెలే ఏళ్ల తరబడి అక్కడ సేవ చేస్తున్నాయి.

ఆ కాలానికి సముద్రస్నానం వైద్యుల సలహాగా మొదలై షోకుగా మారింది. 1750ల్లో రిచర్డ్ రసెల్ అనే వైద్యుడు ఉప్పునీటి చికిత్సను ప్రచారం చేసి బ్రైటన్ పేరు మార్మోగేలా చేశాడు. స్నానం అరగంటలో అయిపోతుంది. మిగతా రోజంతా గడవాలి. పడవ కోసం కట్టిన వంతెన మీద ఓడెక్కకుండానే ఓడ మీద గాలి పీల్చవచ్చని జనం కనిపెట్టారు. యజమానులు కూడా ఊరుకోలేదు, ముఖద్వారం దగ్గర టోల్ పెట్టారు. పియర్ ఆర్థిక శాస్త్రమంతా అక్కడే మొదలైంది.

1823లో కెప్టెన్ శామ్యూల్ బ్రౌన్ బ్రైటన్‌లో వేలాడే వంతెన పద్ధతిలో గొలుసుల పియర్ కట్టాడు. ఫ్రాన్స్‌లోని డియెప్‌కు వెళ్లే ఓడల కోసం కట్టినదే అయినా గోపురాల అడుగున చిన్న చిన్న దుకాణాలు వెలిశాయి. టర్నర్, కాన్‌స్టబుల్ ఇద్దరూ దాన్ని చిత్రించారు. పక్కనే ప్యాలెస్ పియర్ కట్టుకోవడానికి అనుమతి ఇచ్చినప్పుడు ఈ పాతదాన్ని పడగొట్టాలన్నది షరతు. 1896 డిసెంబరులో తుపానే వచ్చి ఆ పని పూర్తి చేసింది. అయితే కొట్టుకొచ్చిన శిథిలాలు సగం కట్టిన కొత్త పియర్‌నూ దెబ్బతీశాయి.

ఇసుకలో స్తంభం నిలబెట్టడం ఎలా అన్నదే అసలు చిక్కు. చెక్కను సముద్రపు పురుగు తినేస్తుంది, దుంగను ఇసుకలో దిగ్గొడితే అల కదిలిస్తుంది. దీనికి మందు కనిపెట్టినవాడు చూపులేని ఐరిష్ ఇంజనీరు అలెగ్జాండర్ మిచెల్. ఇనుప స్తంభం అడుగున వెడల్పాటి మర రెక్క అమర్చి, మనుషులు చుట్టూ తిరుగుతూ దాన్ని మరమేకు లాగా నేలలోకి తిప్పి దించే పద్ధతికి ఆయన 1833లో పేటెంటు పొందాడు. మొదట దీపస్తంభాలకు వాడిన ఈ ఉపాయాన్ని యూజీనియస్ బర్చ్ 1855లో మార్గేట్ జెట్టీకి వాడాడు. స్తంభాలు సన్నవి కావడంతో అల వాటి మధ్య నుంచి దాటిపోతుంది, ఢీకొనడానికి గోడ ఉండదు. ఆ తర్వాత బర్చ్ మొత్తం పద్నాలుగు పియర్ల రూపశిల్పి అయ్యాడు. అంతకు ముందు భారతదేశంలో కలకత్తా, ఢిల్లీ రైలు మార్గం పనిలోనూ ఆయన పాలుపంచుకున్నాడు. 1866 నాటి బ్రైటన్ వెస్ట్ పియర్ మీద ఆయన పెట్టిన తూర్పుదేశపు అలంకారాలకు ఆ అనుభవం కొంత కారణమని చెబుతారు.

అదే దశాబ్దంలో బంగాళాఖాతపు ఒడ్డున కూడా ఇలాంటి ఇనుప పియర్ వచ్చింది. మద్రాసులో అప్పటిదాకా ఓడ దిగినవాళ్లు పెద్ద అలల మధ్య మసూలా పడవల్లో తడిసి ముద్దయి ఒడ్డు చేరేవారు. అక్కడ 1860ల మొదట్లో పియర్ కట్టారు, తుపాన్లు దాన్ని మాటిమాటికీ విరగ్గొట్టాయి. పుదుచ్చేరి పాత పియర్‌ను 1952 తుపాను కూల్చేసింది. రెండూ సరుకూ ప్రయాణికుల కోసం కట్టినవే. విహారానికి టికెట్ కొని నడిచే జనం వాటికి దొరకలేదు.

ఆ జనాన్ని ఇంగ్లండ్‌లో తెచ్చిపెట్టింది రైలు. లండన్ నుంచి బ్రైటన్‌కు 1841లో మార్గం పడింది. 1871లో బ్యాంకు సెలవుల చట్టం వచ్చాక, నూలు మిల్లుల కార్మికులు కూడా పిల్లాపాపల్ని వెంటేసుకుని సముద్రానికి వెళ్లిరావడం మొదలైంది. ఆ వర్గపు తేడాలు బ్లాక్‌పూల్‌లో పియర్ల మీదే కనిపించేవి. 1863లో బర్చ్ కట్టిన నార్త్ పియర్ పెద్దమనుషుల నడకకు. 1868లో వచ్చిన సెంట్రల్ పియర్ కార్మిక కుటుంబాలకు. అక్కడ ఆరుబయట నాట్యాలు జరిగేవి, నిండేది కూడా అదే ఎక్కువ. 1893లో మూడోదీ వచ్చింది.

థేమ్స్ ముఖద్వారంలోని సౌత్ఎండ్‌లో సముద్రం మైలుకు పైగా వెనక్కి పోతుంది. అందుకే అక్కడి పియర్ 2.16 కిలోమీటర్ల పొడవుకు పెరిగి, ప్రపంచంలోనే అతి పొడవైన వినోద పియర్ అయింది. కొస దాకా నడవలేని వారి కోసం 1890లో దాని మీద విద్యుత్ రైలు వేశారు.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బ్రిటన్ తీరాన దాదాపు వంద పియర్లుండేవి. పైసా వేస్తే కదిలే బొమ్మలు చూపించే మ్యూటోస్కోపులు, నాటకశాలలు, హాస్యగాళ్ల ప్రదర్శనలు, బ్యాండు మేళాలు అన్నీ వాటి మీదే. ఇప్పుడు పియర్ అనగానే పిల్లలు గుర్తుచేసుకునే పీచు మిఠాయి మాత్రం వాటితో పుట్టింది కాదు. దాన్ని యంత్రంతో చేసే పద్ధతికి 1897లో అమెరికాలో పేటెంటు కోసం దరఖాస్తు చేశారు, చేసిన ఇద్దరిలో ఒకరు దంతవైద్యుడు.

వినోదాన్ని విపరీతం దాకా తీసుకెళ్లిన ఊరు అమెరికాలోని అట్లాంటిక్ సిటీ. 1898లో తెరిచిన స్టీల్ పియర్ మీద సుమారు 40 అడుగుల ఎత్తు వేదిక నుంచి గుర్రం, దాని మీద యువతితో సహా, నీటి తొట్టిలోకి దూకేది. సొనోరా వెబ్‌స్టర్ కార్వర్ అనే రౌతు 1931లో అలా దూకినప్పుడు చూపు కోల్పోయింది. అయినా మరో పదకొండేళ్లు దూకుతూనే ఉంది. ఆ ప్రదర్శన 1970ల్లో ఆగింది. అదే ఊళ్లో హైన్జ్ కంపెనీ సొంత పియర్ నడిపి ఊరగాయ రుచులు ఉచితంగా చూపించేది. ఆటలు లేకుండా ప్రచారం కోసమే పియర్ నడిపిన విడ్డూరం అది. 1944 తుపాను దాన్ని ముక్కలు చేసింది.

కాలిఫోర్నియాలోని సాంటా మోనికా కథ ఇంకా తమాషాగా ఉంటుంది. 1909లో అక్కడ మునిసిపల్ పియర్ కట్టింది శుద్ధి చేసిన మురుగునీటి గొట్టాన్ని అలలు విరిగే చోటు దాటించడానికి. ఆ గొట్టం మీద జనం నడుస్తారని తేలాక, కోనీ ఐలాండ్‌లో తొలి రంగులరాట్నం పెట్టిన చార్లెస్ లూఫ్ 1916లో దాని పక్కనే వినోద పియర్ కట్టాడు. ఇప్పుడక్కడ తిరుగుతున్న రంగులరాట్నం 1922లో తయారైనది, దానికి 44 చెక్క గుర్రాలు. 1973లో నగర పాలకులు పియర్‌ను తీసేసి సముద్రంలో కృత్రిమ దీవి కట్టాలని తలపెట్టారు. ఊరివాళ్లు గట్టిగా అడ్డుపడి ఆపించారు. పదేళ్లకు తుపాన్లు దానిలో మూడో వంతు కొట్టుకుపోయేలా చేశాయి. మళ్లీ కట్టాక 1996లో పసిఫిక్ పార్క్ తెరుచుకుంది. అక్కడి జెయింట్ వీల్‌ను సౌరశక్తితో నడుపుతారు, పాతదాన్ని 2008లో ఇంటర్నెట్ వేలంలో అమ్మేశారు. ‘రూట్ 66 ముగింపు’ అన్న రహదారి బోర్డు 2009లో పెట్టింది. దాని ముందు ఫొటో దిగేవాళ్లలో పిల్లల్ని చూడటానికి వెళ్లిన తెలుగు అమ్మానాన్నలూ ఉంటారు.

బ్రిటన్ పియర్లకు పెద్ద దెబ్బ 1940లో తగిలింది. జర్మన్ సేనలు వాటి మీదుగా దిగుతాయేమోనన్న భయంతో సైన్యమే చాలా పియర్ల నడిమి భాగాల్ని తొలగించింది. యుద్ధం తర్వాత అతికించారు. 1938లో జీతంతో కూడిన సెలవుల చట్టం రావడం వల్ల 1950ల్లో కుటుంబాలు మళ్లీ కిక్కిరిశాయి. 1960ల నుంచి చౌక విమాన యాత్రలు వాళ్లను స్పెయిన్ ఎండల్లోకి తీసుకెళ్లాయి. రంగు వేయడానికి డబ్బు లేదు. రంగు లేకపోతే తుప్పు. సౌత్ఎండ్ పియర్‌కు 1959, 1976, 2005ల్లో మంటలంటుకున్నాయి, 1986లో ఒక ఓడ దాన్ని చీల్చుకుంటూ వెళ్లింది. వెస్టన్ సూపర్ మేర్ గ్రాండ్ పియర్ మండపం 2008లో కాలిపోతే, కొత్తది 2010లో తెరిచారు.

బ్రైటన్‌లో రెండు పియర్లు పక్కపక్కన ఒకే సముద్రాన్ని చూశాయి. బర్చ్ కట్టిన వెస్ట్ పియర్ శిల్పపరంగా గొప్పదని అందరూ ఒప్పుకున్నారు, ప్రథమ శ్రేణి వారసత్వ కట్టడంగానూ గుర్తించారు. 1975లో మూతపడిన దానికి మరమ్మతు డబ్బు దొరికేలోపే 2002 చివర్లో కొంత కూలింది, 2003లో రెండుసార్లు కాలిపోయింది. 1899లో తెరిచిన ప్యాలెస్ పియర్ అంత అందమైనదేమీ కాదు. 1973 తుపానులో తెగిన పడవ దాని నాటకశాలను ఢీకొట్టింది. 1986లో ఆ నాటకశాలనే తీసేశారు. ఆటయంత్రాలు, డాషింగ్ కార్లు, రోలర్ కోస్టర్‌తో అది నేటికీ నిండుగా ఉంది. రంగస్థలాన్ని వదులుకున్నందుకు విమర్శించినవాళ్లున్నారు కానీ, తుప్పు గోకే పనివాళ్లకు కూలి ఇచ్చింది మాత్రం ఆ ఆటయంత్రాల వసూళ్లే. చాలా ఏళ్లు అందరికీ ఉచిత ప్రవేశమిచ్చిన ఆ పియర్, ఖర్చులు పెరిగాయంటూ 2024 వేసవిలో బయటి ఊళ్లవారికి ఒక పౌండు రుసుము పెట్టింది.