మేకులు ఊడదీసి వెళ్లినవారు

ఊరు విడిచి వెళ్లేవారిని గురించి మనం "తట్టాబుట్టా సర్దుకున్నారు" అంటాం. ఇంగ్లీషులో "పుల్ అప్ స్టేక్స్" అంటారు, అంటే పాతిన గుంజలు పెరకడం. పనికోసం పట్నాలకు వెళ్లిన మన పిల్లలను తప్పుపట్టే మాటలు ఈ మధ్య వినిపిస్తున్నాయి గనుక ఈ సంగతి చెబుతున్నాం.

ఈ మాట అమెరికాకు వలసవెళ్లిన ఇంగ్లీషువారి నాటిది. బోస్టన్‌లో ఉండిన థామస్ లెచ్‌ఫోర్డ్ అనే న్యాయవాది 1640 నాటి రాతల్లో తాను గుంజలు పెరుకుతున్నానని రాసుకున్నాడు, 1641లో ఇంగ్లండు వెళ్లిపోయాడు. అవి పొలం గట్టున పాతిన హద్దు గుంజలని కొందరంటారు, గుడారపు మేకులని కొందరంటారు. హద్దు గుంజలేనని మాకనిపిస్తుంది.

అయినా వాక్యం చదివేవారికి గుడారమే గుర్తొస్తుంది. ఇశ్రాయేలీయులు బయలుదేరి సాగారని చదివేచోట ఉన్న హెబ్రీ మాట "నాసా". మేకు ఊడబెరకడం దాని మూలార్థం. యెషయా 33:20లో సీయోను గుడారపు మేకులను గూర్చి చెప్పినచోట ఉన్నదీ ఆ మాటే. సంఖ్యాకాండము 33లోని పేర్ల జాబితాను మనం తొందరగా దాటేస్తాం గానీ, ఒక్కో పేరు వెనుక గుడారం ఊడదీసిన శ్రమ ఉంది.

లెచ్‌ఫోర్డ్‌కంటే ముందే అక్కడ ఒక సంఘమే కదిలింది. న్యూటౌన్‌లో, అంటే నేటి కేంబ్రిడ్జ్‌లో, కాపరి థామస్ హుకర్ మనుషులు 1634లో పశువులకు మేత చాలడం లేదని, కనెక్టికట్ నది వైపు వెళ్తామని అడిగారు. దీపస్తంభం చోటు మారడం గొప్ప తీర్పు కాదా అని కొందరు అడ్డుచెప్పారు (ప్రకటన 2:5 గుర్తుందా?). జాన్ కాటన్ అనే కాపరి హగ్గయి గ్రంథం నుండి ప్రసంగించాక అప్పటికి ఆగారు. మేతకోసం వెళ్లడం లోకసంబంధమనుకోవడం సులువే. పశువుల్ని మేపేవారు మాత్రం అలా అనరు.

1636లో దాదాపు 100 మంది, 160 పశువులతో అడవిదారిన సుమారు 100 మైళ్లు నడిచారు. జబ్బుతో ఉన్న హుకర్ భార్యను డోలీలో మోశారు. దారిలో ఆ ఆవుల పాలు తాగారు. అలా నిలిచిన ఊరే హార్ట్‌ఫర్డ్.

న్యూటౌన్‌లో వాళ్లు విడిచిన ఇళ్లను, థామస్ షెపర్డ్ అనే కాపరితో కొత్తగా వచ్చినవారు కొనుక్కున్నారు. ఆ ఏడే అక్కడ మరో సంఘం ఏర్పడింది. మరుసటి ఏడు షెపర్డ్, హుకర్ కుమార్తె జోవన్నాను పెళ్లాడాడు.