బట్టలుతుకు యంత్రము ఏల గంతులు వేయును?

1767లో జర్మనీలోని రీగెన్స్‌బర్గ్ నగరమున షాఫర్ అను ప్రకృతి శాస్త్రజ్ఞుడు బట్టలుతుకు యంత్రమును వర్ణించుచు ఒక పుస్తకము ప్రకటించెను. అది చేతితో మెల్లగా నడుపునది. 1937లో అమెరికాలో బెండిక్స్ సంస్థ తనంతట తానే ఉతికి, జాడించి, నీరు పిండు గృహయంత్రమును వెలువరించినది. పిండునపుడు తొట్టి మిక్కిలి వడిగా తిరుగును. తడిబట్టలు ఒక ప్రక్కకు చేరినచో యంత్రమంతయు అదిరిపోవును. అందుచే దానిని నేలకు బోల్టులతో బిగింపవలసి వచ్చెను.

కారణము లెక్కకు అందునదే. భ్రమణ వేగము రెట్టింపైనచో అపకేంద్ర బలము నాలుగు రెట్లగును. కేంద్రమునకు 25 సెంటీమీటర్ల దూరమున అర కిలో తడిబట్ట అధికముగా నుండి, తొట్టి నిమిషమునకు 600 చుట్లు తిరిగినచో, కలుగు బలము సుమారు 50 కిలోల బరువుతో సమానము!

తరువాతి యంత్రములలో తొట్టిని స్ప్రింగులతో వ్రేలాడదీసి, బరువు దిమ్మలను, ఊపును అణచు డాంపర్లను అమర్చిరి. నేలకు బిగించు అవసరము తీరినది.

కనుక నేడు ఇంటిలోని యంత్రము గంతులు వేసినచో ముందుగా మోటారును శంకింపరాదు. యంత్రము నాపి, ప్లగ్గు తీసి, ముద్దగట్టిన బట్టలను విడదీసి సర్దవలెను. అప్పటికిని అదిరినచో నాలుగు కాళ్ళును నేలకు సమముగా ఆనినవో లేదో చూడవలెను. అవియు సరిగా నున్నచో, మరల ప్లగ్గు తీసి, ఖాళీ తొట్టిని చేతితో నొక్కి విడువవలెను. అది పలుమార్లు ఊగినచో డాంపర్లు అరిగినవని గ్రహించి, వానిని జతగా మార్చవలెను.